“మీ చర్చిల ఎన్ని ఓట్లుంటయి?”



ఎన్నికలు దగ్గర పడితే మా మందిరం గేటు దగ్గర ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. ఏ పార్టీ వాళ్లయినా సరే, వచ్చి కుర్చీలో కూర్చుంటారు, మంచినీళ్లు తాగుతారు, ప్రార్థన చేయమంటారు. తల వంచి ఆమేన్ కూడా అంటారు. లేచి వెళ్లేటప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు: “పాస్టర్ గారూ, మీ చర్చిల ఎన్ని ఓట్లుంటయి?”

చాలా ఏండ్లు నేను ఆ ప్రశ్నకు ఒక అంకె చెప్పేవాడిని. ఇప్పుడు చెప్పను. అంకె తెలియక కాదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో కాపరిగా తిరుగుతూ మన సంఘాల చరిత్రను కొంత చదివిన తరువాత, ఆ అంకె చెప్పే హక్కు నాకు లేదని అర్థమైంది. ఈ వ్యాసం ఎవరికి ఓటు వేయాలో చెప్పదు. మన విశ్వాసానికి, ఆదివారం మందిరానికి రావడానికి, మనం వేసే ఓటుకు సంబంధం ఏమిటో చరిత్రలో వెతికి చూద్దాం. చివరికి నేను చేసిన ఒక తప్పు కూడా ఒప్పుకుంటాను.

కలిసి వచ్చిన సంఘం

మన ప్రాంతానికి సువార్త ఎలా వచ్చిందో ముందు గుర్తు చేసుకుందాం. 1870ల చివర్లో ఇంగ్లాండు వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టారు. 1890ల చివర్లో చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు మెదక్ చేరారు. ఆయన ఆధ్వర్యంలో కట్టిన మెదక్ మహాదేవాలయం 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు కాలంలో ఆ కట్టడం పని ఎన్ని కుటుంబాలకు కూడు పెట్టిందో మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇటు కామారెడ్డి నుండి నిజామాబాద్ వెళ్లే దారిలో డిచ్‌పల్లి దగ్గర, 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు కుష్ఠు రోగుల ఆసుపత్రి ప్రారంభించారు. దానికి పెద్ద విరాళం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ గారు క్రైస్తవుడు కాదు. ఇది కూడా మరచిపోకూడని సంగతి.

ఆ రోజుల్లో విశ్వాసంలోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుండి వచ్చారు. ఒక్కొక్కరుగా కాదు, కుటుంబాలుగా, కొన్నిచోట్ల వాడలుగా వచ్చారు. వాడ పెద్దలు కూర్చుని మాట్లాడుకునేవారు, ఉపదేశి వచ్చి నెలల తరబడి నేర్పేవాడు, తరువాత కుటుంబాలు కలిసి బాప్తిస్మం తీసుకునేవి. దీన్ని తప్పు పట్టేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ గడీలో వెట్టి చేసే మనిషికి ఒంటరిగా ఒక నిర్ణయం తీసుకునే స్థోమత ఎక్కడిది? ఒక్కడే లేస్తే తెల్లారేసరికి ఊళ్లో ఉండనిచ్చేవారు కాదు. కలిసి లేచారు కాబట్టి నిలబడ్డారు.

అందుకే కలిసి నిర్ణయించుకోవడం మన సంఘాలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. పెళ్లి అయినా, గొడవ అయినా, మందిరం పైకప్పు అయినా పెద్దలు కూర్చుని తేలుస్తారు. ఇది మన బలం. ఓటు దగ్గరికి వచ్చేసరికి ఇదే అలవాటును ఎవరైనా గంపగుత్తగా కొనుక్కోవడానికి చూస్తారు. అక్కడే ప్రమాదం.

దోర్నకల్ బిషప్ గారి ఆలోచన

ఈ ప్రమాదాన్ని తొంభై ఏండ్ల క్రితమే గుర్తించిన ఒక దైవజనుడు ఉన్నారు. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు. 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. ఆయన పరిచర్యలో కూడా మాల, మాదిగ కుటుంబాలు వేల సంఖ్యలో సంఘంలో చేరాయి.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు ప్రకటించింది. దాని ప్రకారం బ్రిటిష్ ఇండియాలో భారతీయ క్రైస్తవులకు కూడా ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చాయి. అంటే క్రైస్తవ సీటుకు క్రైస్తవులే ఓటు వేస్తారు, క్రైస్తవుడే గెలుస్తాడు. 1935 చట్టంలో అది స్థిరపడింది. పైకి చూస్తే మనకు లాభమే కదా! కానీ అజరయ్య గారు దానిని వ్యతిరేకించారు.

ఆయన ఆలోచన ఏమిటంటే, సంఘం తలుపు అందరికీ తెరిచి ఉండాలి. దానిని ఓట్ల లెక్కలోకి తెస్తే అది ఇంకో కులంలా మారిపోతుంది. ఎవరైనా బాప్తిస్మం తీసుకుంటే పొరుగువారు రక్షణ సంగతి చూడరు, మా వైపు ఒక ఓటు తగ్గింది, వాళ్ల వైపు ఒకటి పెరిగింది అని చూస్తారు. అప్పుడు సువార్త చెప్పినా అది ఓట్ల వేటలాగే కనిపిస్తుంది. అప్పటి క్రైస్తవ నాయకులందరూ ఈ మాటకు ఒప్పుకోలేదు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశాల్లో ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్న ఎ.టి. పన్నీర్‌సెల్వం గారూ ఉన్నారు, వద్దన్న ఎస్.కె. దత్తా గారూ ఉన్నారు. ఇద్దరూ విశ్వాసులే. మైనారిటీ ప్రజలకు రక్షణ ఎలా అన్న ప్రశ్న ఇద్దరినీ బాధించింది.

మన కామారెడ్డి అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి ఈ అవార్డు మనకు నేరుగా వర్తించలేదు. కానీ దాని ముగింపు మనకూ వర్తించింది. రాజ్యాంగ సభ ఉపాధ్యక్షులు హరేంద్ర కుమార్ ముఖర్జీ గారు క్రైస్తవులు, మైనారిటీల ఉపసంఘానికి అధ్యక్షులు కూడా. మతం పేరున ప్రత్యేక సీట్లు వద్దని గట్టిగా నిలబడినవారిలో ఆయన ఒకరు. 1949 మే నెలలో మత మైనారిటీలకు చట్టసభల్లో రిజర్వేషన్లు ఉండకూడదని రాజ్యాంగ సభ తీర్మానించింది. ఆంగ్లో ఇండియన్లకు మాత్రం నామినేటెడ్ స్థానాలు మిగిలాయి. అవి కూడా 2020 జనవరితో ముగిసిపోయాయి.

అంటే మనకంటూ ఒక సీటు కావాలని పట్టుబట్టకుండా, పొరుగువారితో ఒకే వరుసలో నిలబడి ఓటు వేస్తామని మన పెద్దలు ఒప్పుకున్నారు. అది మన పొరుగువారి మీద వారు పెట్టిన నమ్మకం. ఆ నమ్మకం ప్రతిసారీ నిలిచిందా అంటే నిలవలేదు. అయినా ఆ దారి తప్పని నేను అనుకోను.

తెర వెనుక పెట్టెలు

1952లో హైదరాబాద్ రాష్ట్రంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఇరవై ఒక్క ఏండ్లు నిండిన ప్రతి మనిషికీ ఓటు వచ్చింది. నాలుగేండ్ల క్రితం దాకా నిజాం పాలన. దొర ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన మనిషికీ, ఆ దొరకీ ఒకే ఓటు.

అప్పటి పద్ధతి ఇప్పటిలా ఉండేది కాదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది. ఓటరు తెర వెనక్కి వెళ్లి తనకు నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో కాగితం వేసి రావాలి. చదువు రానివారికి కూడా సులువుగా ఉండాలని అలా చేశారు. ఆ తెర వెనుక మొగుడు లేడు, దొర లేడు, కుల పెద్ద లేడు, పాస్టరూ లేడు. మన తాతలు బాప్తిస్మానికి పది కుటుంబాలు కలిసి వెళ్లారు. ఆ తెర వెనక్కి మాత్రం ఒక్కొక్కరుగా వెళ్లారు.

ఇప్పుడు యంత్రం వచ్చింది. బటన్ నొక్కితే వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపించి పడిపోతుంది. ఆ ఏడు సెకన్లు కూడా ఓటరు, దేవుడు తప్ప ఎవరూ చూడరు. ఆ ఒంటరితనం దేవుడు మన ప్రజలకు ఇచ్చిన కానుక అని నేను నమ్ముతాను.

ఎల్లారెడ్డిలో ఒక పోటీ

మన ఎల్లారెడ్డికి ఒక గొప్ప చరిత్ర ఉంది. మన యువతకు అది తెలియదు. ఆ రోజుల్లో ఎల్లారెడ్డి ఎస్సీ రిజర్వుడు స్థానం. 1962లో అక్కడ కాంగ్రెస్ తరఫున టి.ఎన్. సదాలక్ష్మి గారు గెలిచారు. మంత్రి పదవి, శాసనసభ డిప్యూటీ స్పీకర్ పదవి చేసిన దళిత మహిళ ఆమె. 1967లో ఆమె మీద జె. ఈశ్వరీబాయి గారు పోటీ చేశారు. అంబేడ్కర్ గారి ఆశయంతో పుట్టిన రిపబ్లికన్ పార్టీ ఆమెది. సికింద్రాబాద్‌లో మిషన్ బడిలో చదువుకున్న మనిషి. అధికార పార్టీ అభ్యర్థిని ఓడించి గెలిచారు. 1972లో మళ్లీ గెలిచారు. ఇద్దరు దళిత మహిళలు ఒక పల్లెటూరి నియోజకవర్గంలో ఎదురెదురుగా నిలబడి ప్రజలను ఓటు అడిగిన రోజులు అవి. మగవాళ్ల మధ్య పోటీలే చూసే మనకు ఈ రోజు కూడా అది వింతగా ఉంటుంది.

ఆ ఎన్నికల్లో మన విశ్వాసుల స్థితి ఏమిటో కూడా చెప్పాలి. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే ఎస్సీలుగా లెక్క. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రంలో బీసీ–సీ అన్నారు. అందులో రిజర్వేషన్ 1 శాతం. కాబట్టి బాప్తిస్మాన్ని కాగితం మీద ఒప్పుకున్న మాల, మాదిగ విశ్వాసి ఎల్లారెడ్డిలో ఓటు వేయగలడు, అభ్యర్థిగా నిలబడలేడు. ఈ రోజు జుక్కల్‌లో కూడా అంతే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ నిబంధన తీసేయమని సిఫారసు చేసింది. ఈ విషయం సుప్రీంకోర్టు ముందు ఏండ్ల తరబడి నడుస్తోంది.

దీని ఫలితం మనందరికీ తెలుసు, పైకి అనుకోము. సంఘం రిజిస్టరులో ఒక పేరు, తహసీల్దార్ ఆఫీసు సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. పిల్లల చదువు కోసం, ఉద్యోగం కోసం అలా బ్రతుకుతున్నవారిని నేను తీర్పు తీర్చలేను. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో క్రైస్తవులు సుమారు 1.3 శాతం. ఆదివారం ఆరాధనకు వచ్చేవారంతా ఆ లెక్కలో క్రైస్తవులుగా ఉన్నారని ఏ పల్లె కాపరీ అనడు. గేటు దగ్గర ఓట్ల అంకె అడిగేవారికి ఈ బాధ తెలియదు. అంకె చెబితే లోపల దాగి ఉన్న కుటుంబాలను వేలెత్తి చూపినట్టవుతుంది. నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పకపోవడానికి ఇది మొదటి కారణం.

ఒకే బైబిలు, వేరు వేరు ఓట్లు

మందిరానికి క్రమంగా వచ్చేవారు ఒకే రకంగా ఓటు వేస్తారా? లోకంలో దీని మీద చాలా పరిశోధన జరిగింది. అమెరికాలో 2016లో తెల్లజాతి ఎవాంజెలికల్ విశ్వాసుల్లో పదిమందికి సుమారు ఎనిమిది మంది రిపబ్లికన్ అభ్యర్థికి ఓటు వేశారు. అదే దేశంలో నల్లజాతి ప్రొటెస్టెంట్లలో అత్యధికులు డెమొక్రటిక్ పార్టీకి వేస్తారు. ఇద్దరిదీ ఒకే బైబిలు. ఇద్దరూ ఆదివారం తప్పకుండా వెళతారు. మరి తేడా ఎక్కడ? ఒకరి తాతలు బానిసలు, ఇంకొకరి తాతలు కాదు. వాక్యం ఒకటే అయినా, దానిని వినే చెవికి ఒక చరిత్ర ఉంటుంది.

మనకు సువార్త తెచ్చిన మెథడిస్టుల దేశంలో కూడా అంతే. 19వ శతాబ్దంలో ఇంగ్లాండులో రాజు సంఘానికి చెందినవారు ఎక్కువగా కన్జర్వేటివ్ వైపు, దాని బయటి సంఘాలవారు ఎక్కువగా లిబరల్ వైపు ఉండేవారు. 1834లో టాల్‌పడిల్ అనే పల్లెలో ఆరుగురు వ్యవసాయ కూలీలు కూలి తగ్గించవద్దని సంఘటితమైనందుకు శిక్ష వేసి ఆస్ట్రేలియాకు ఓడ ఎక్కించారు. వారిలో ఎక్కువమంది మెథడిస్టులు. వారి నాయకుడు జార్జ్ లవ్‌లెస్ వారంతా కూలి చేసి ఆదివారం ప్రసంగం చెప్పేవాడు. ప్రజలు ఆందోళన చేస్తే 1836లో క్షమాభిక్ష దొరికింది. ఎవరికి ఓటు వేయాలో అతనికి మందిరం నేర్పలేదు. అసలు అతనికి ఓటే లేదు. చదవడం, నలుగురిలో లేచి మాట్లాడడం, లెక్క రాయడం, ఒకరికొకరు మాట ఇచ్చి నిలబడడం నేర్పింది.

మన దగ్గర కూడా మందిరం చేసిన అసలైన మేలు అదే. బైబిలు చదవాలని అక్షరాలు నేర్చుకున్న తల్లి రేషన్ కార్డు మీద పేరు సరిచూసుకోగలుగుతుంది. స్త్రీల సమాజంలో కానుకల లెక్క రాసిన అక్క మహిళా సంఘంలో లీడర్ అవుతుంది. యవ్వనస్థుల కూటంలో సాక్ష్యం చెప్పిన పిల్లవాడు గ్రామసభలో లేచి నిలబడి అడుగుతాడు. ఆరాధనకు రావడం ఓటు మీద చూపే ప్రభావం ఇలా నిదానంగా, లోతుగా ఉంటుంది. ప్రసంగ వేదిక నుండి ఒక గుర్తు పేరు చెప్పడం దీని ముందు చాలా చిన్న పని, చెడ్డ పని కూడా.

2023లో కామారెడ్డి

2023 నవంబర్ 30న జరిగిన పోలింగ్ దేశమంతా కామారెడ్డి వైపు చూసింది. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు గారు, తరువాత ముఖ్యమంత్రి అయిన ఎ. రేవంత్ రెడ్డి గారు ఇద్దరూ ఇక్కడ పోటీ చేశారు. బీజేపీకి చెందిన కాటిపల్లి వెంకట రమణా రెడ్డి గారు ఇద్దరినీ ఓడించారు. తేడా 6,741 ఓట్లు. పక్కనే ఎల్లారెడ్డిలో కాంగ్రెస్ గెలిచింది. జుక్కల్‌లోనూ కాంగ్రెస్సే. బాన్సువాడలో బీఆర్ఎస్ గెలిచింది. ఒకే జిల్లా, నాలుగు స్థానాలు, మూడు పార్టీలు.

ఈ నాలుగు చోట్లా మన సంఘాలు ఉన్నాయి. పాటలు ఒకటే, వాక్యం ఒకటే, కాపరులం ఒకరికొకరం తెలిసినవాళ్లమే. ఫలితాలు మాత్రం వేరు. ఎందుకంటే మన విశ్వాసులు కూడా పొరుగువారితో కలిసి బ్రతికే మనుషులు. ఆ ఏడాది జనవరిలో కామారెడ్డి మునిసిపల్ మాస్టర్ ప్లాన్‌లో తమ భూములు పోతాయని రైతులు రోడ్డెక్కారు. ఆ భయానికి మతం లేదు. బీడీలు చుట్టే తల్లి పింఛను గురించి ఆలోచిస్తుంది. కొడుకు దుబాయిలో, మస్కట్‌లో ఉన్న తండ్రి గల్ఫ్ కార్మికుల గురించి ఎవరు మాట్లాడతారా అని చూస్తాడు. అంతకుముందు 2004లో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారు ఉమ్మడి రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన పార్టీని గెలిపించినవారిలో అత్యధికులు క్రైస్తవులు కారు. ఉచిత కరెంటు మాట విన్న రైతులే వారిలో చాలామంది.

కాబట్టి పాస్టరు చెబితే ఓట్లు పడతాయని నమ్మే నాయకులు సగం మోసపోతున్నారు. పడతాయని చెప్పే పాస్టర్లు మిగతా సగం మోసం చేస్తున్నారు. ఈ రెండో మాట నేను నా మీద కూడా చెప్పుకుంటున్నాను.

నేను చేసిన తప్పు

కొన్నేండ్ల క్రితం ఒక ఎన్నికల సమయంలో ఒక అభ్యర్థి మనుషులు మా మందిరానికి వచ్చారు. మాకు సమాధుల తోటకు స్థలం లేదు. చెరువు పక్కన సమాధి చేస్తున్నాం. వానాకాలం నీళ్లు ఎక్కితే గుర్తు కోసం పెట్టిన రాయి కూడా కనిపించదు. గెలిస్తే స్థలం ఇప్పిస్తామన్నారు. నా మనసు కరిగిపోయింది. ఆ ఆదివారం వాక్యం ముగించాక వేదిక మీద నుండే ఆ అభ్యర్థి పేరు చెప్పి, అతనికి ఓటు వేయడం దేవుని చిత్తమని అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆమేన్ అన్నారు.

అతను ఓడిపోయాడు. స్థలం రాలేదు. అది నాకు పెద్ద దెబ్బ కాదు. దెబ్బ తరువాత తగిలింది.

మా సంఘంలో బీడీలు చుట్టి బ్రతికే ఒక విధవరాలు ఉంది. మూడు నెలలు ఆమె ప్రభురాత్రి భోజన సంస్కారానికి ముందుకు రాలేదు. ఆరాధనకు వస్తుంది, వెనక గోడ దగ్గర కూర్చుంటుంది, రొట్టె వడ్డించే వేళకు లేచి బయటికి పోతుంది. ఏమైనా గొడవేమో అని ఇంటికి వెళ్లి అడిగాను. చాట పక్కన పెట్టి ఏడ్చింది.

“అయ్యగారూ, నేను మీ మాట తప్పిన. మీరు చెప్పినాయనకు ఎయ్యలే. పింఛను బంద్ అయితదేమోనని భయమై వేరే బటన్ ఒత్తిన. దేవుని చిత్తం మీరినదాన్ని, ఆ రొట్టె ఎట్ల ముట్టాలె?”

నేను ఏమి చెప్పగలను? క్రీస్తు ఆమె కోసం పెట్టిన బల్లకు, ఆమెకు మధ్య నేను ఒక ఎన్నికల గుర్తును అడ్డం పెట్టాను. ఆ రోజు ఆ చాట దగ్గర కూర్చుని ఆమెను క్షమాపణ అడిగాను. తరువాతి ఆదివారం సంఘం ముందు కూడా అడిగాను.

తరువాత తెలుసుకున్నాను, నేను చేసిన పనికి మన దేశ చట్టంలో పేరు కూడా ఉంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం, ఫలానావారికి ఓటు వేయకపోతే దేవుని కోపానికి గురి అవుతావని ఓటరును నమ్మించడం అనుచిత ఒత్తిడి. అభ్యర్థి సమ్మతితో జరిగితే ఎన్నికే రద్దు కావచ్చు. నామ్‌ధారీ సిక్కుల గురువు ఒక అభ్యర్థికి ఓటు వేయమని తన శిష్యులకు ఆజ్ఞగా చెప్పిన కేసులో 1959లో సుప్రీంకోర్టు ఒక తేడా చూపింది. మతగురువుకు కూడా అభిప్రాయం చెప్పే స్వేచ్ఛ ఉంది. కానీ మాట వినకపోతే దైవకోపం వస్తుందనే భావన కలిగించి ఓటరుకు వేరే దారి లేకుండా చేస్తే అది అనుచిత ఒత్తిడి. 1988లో వచ్చిన ఇంకో చట్టం మత సంస్థల ఆవరణను రాజకీయ పనులకు వాడకూడదని చెప్పింది. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరున ఓటు అడగడం కూడా తప్పేనని తీర్పు ఇచ్చింది.

ఈ చట్టం రాసినవారు ఆ విధవరాలిని చూడలేదు. కానీ ఆమె కోసమే రాసినట్టు ఉంది.

సమూయేలు చేసినది

మరి కాపరి నోరు మూసుకుని కూర్చోవాలా? అలా కాదు. మొదటి సమూయేలు 8వ అధ్యాయం, 12వ అధ్యాయం కలిపి చదవండి. ఇశ్రాయేలు పెద్దలు రామాకు వచ్చి మాకు రాజు కావాలన్నారు. సమూయేలుకు అది ఇష్టం లేదు. అయినా ఆయన మూడు పనులు చేశాడు.

మొదటిది, దాచకుండా హెచ్చరించాడు. రాజు మీ కుమారులను రథాలకు, మీ కుమార్తెలను వంటలకు తీసుకుంటాడు, మీ పొలాలు తీసుకుంటాడు, పంటలో పదవ వంతు తీసుకుంటాడు అని విడమరిచి చెప్పాడు. కానీ నిర్ణయం వారికే వదిలాడు. వారు తన ఇష్టానికి వ్యతిరేకంగా నిర్ణయించినా వారిని వెలివేయలేదు. మనం కూడా అబద్ధం, లంచం, పేదవాని భూమి లాక్కోవడం, పొరుగువాని మీద ద్వేషం తప్పని వేదిక మీద నుండి గట్టిగా చెప్పాలి. ఏ పార్టీలో ఉన్నా తప్పే. పేరు చెప్పకుండా నిజం చెప్పవచ్చు.

రెండవది, ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. నేను ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి చేతి నుండి లంచం తీసుకున్నాను అని ప్రజల ముందు నిలబడి అడగగలిగాడు. మైక్ సెట్, కుర్చీలు, పైకప్పు రేకులు, సమాధుల తోట, ఇవన్నీ మనకు అవసరమే. పౌరులుగా దరఖాస్తు పెట్టి, తహసీల్దార్‌ను, సర్పంచ్‌ను, ఎమ్మెల్యేను అడిగి హక్కుగా తీసుకుందాం. ఓట్లకు బదులుగా మాత్రం వద్దు. మా సమాధుల తోట దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ఆలస్యమైనా తల దించుకోవలసిన పని లేదు.

మూడవది, ఆయన ప్రార్థన మానలేదు. తన మాట వినని ప్రజల కోసం ప్రార్థన మానడం తనకు పాపమని చెప్పాడు. ఈ కార్యం నన్ను చాలా గద్దించింది. నేను చెప్పినవారికి ఓటు వేసినవారి కోసం, వేయనివారి కోసం, గెలిచినవారి కోసం, ఓడినవారి కోసం ఒకేలా ప్రార్థించడం కాపరి పని.

ప్రియులారా, రేపు పంచాయతీ ఎన్నిక అయినా, అసెంబ్లీ అయినా, మీ ఓటు మీది. ఇంట్లో మాట్లాడుకోండి, పొరుగువారితో చర్చించండి, అవసరమైతే కాపరిని కూడా అడగండి. కానీ ఆ యంత్రం ముందు నిలబడినప్పుడు ఎవరి భయమూ పెట్టుకోవద్దు, నా భయం అసలే వద్దు. మీరు ఏ బటన్ నొక్కినా, వచ్చే ఆదివారం ప్రభువు బల్ల దగ్గర మీ స్థలం మీకే ఉంటుంది.

గేటు దగ్గర ఇప్పుడు ఎవరైనా “ఎన్ని ఓట్లుంటయి” అని అడిగితే నేను ఇలా చెబుతున్నాను: “ఇక్కడ మనుషులున్నారు సార్. వాళ్ల ఓట్లు వాళ్ల దగ్గరే ఉంటయి. మీరు వాళ్లనే అడగండి.”

ప్రార్థన చేద్దాం. దయగల తండ్రీ, మా తాతలను గడీల నుండి విడిపించి కూడబెట్టిన దేవా, నీకు స్తోత్రములు. మా కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో ప్రతి ఓటరుకు భయం లేని మనసు ఇవ్వు. మమ్మల్ని పాలించేవారికి పేదల మీద దయ ఇవ్వు. మీ బిడ్డల మనస్సాక్షి మీద అధికారం చేయకుండా మా కాపరులను కాపాడు. మేము ఓటు వేసినవారి కోసం, వేయనివారి కోసం ప్రార్థించే హృదయం మాకు దయచేయి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.